మూడోది దిగింది

దూరకపోవడమే నా ఉద్యోగం. నవ్వకండి, ఉన్నమాటే చెబుతున్నాను. గ్వెరీనో గారి షాపులో పద్దెనిమిదేళ్లుగా నేను చేసేది ఇంతే: మ్యాగజీన్‌లో చట్టం ఎన్ని తూటాలు ఉండొచ్చందో అన్ని పెట్టి, ఆపైన ఇంకొక్కటి కుక్కి చూడడం. అది దిగకపోతే చీటీ మీద సంతకం పెడతాను. దిగితే ఎర్ర డబ్బాలో పడేస్తాను. మా లోయలో తుపాకులు చేసి బతికేవాళ్లు వేలల్లో ఉన్నారు గానీ, తుపాకుల కడుపు మాడ్చి బతికేవాళ్లం మేం పదకొండుమందిమే. కెనడాకి అయిదు, న్యూజెర్సీకి పది, మా ఇటలీలో పిట్టల వేటకి రెండు. ముప్ఫై పట్టే మ్యాగజీన్ మా దగ్గరికొచ్చి అయిదు పట్టేదై వెళుతుంది. లోపల అడ్డు బిగించి, ఎవరూ మళ్లీ ఊడదీయకుండా రివెట్టు కొట్టేస్తాం. ఇన్నేళ్లలో నా కుడి బొటనవేలి చర్మం మడమ చర్మంలా మొద్దుబారిపోయింది.

మా దగ్గర వేట సెప్టెంబరు మూడో ఆదివారం మొదలవుతుంది. ఆ ముందు బుధవారం పొద్దున గ్వెరీనో గారు నా బల్ల మీద ఒక అట్టపెట్టె దబ్బున పెట్టారు. నిండా వేట తుపాకుల్లో తూటాలు వరసగా కూర్చునే మ్యాగజీన్ గొట్టాల్లో పెట్టే అడ్డులు. ఆయన మొహం చూస్తేనే తెలిసింది, అవి కొన్నవాళ్ల దగ్గర్నుంచి తిరిగొచ్చాయని.

“ఫౌస్తీనా, వీటితో రెండే పడతాయని సంతకం పెట్టింది నువ్వేనా?”

“నేనే. మూడోది కూడా పెట్టి చూశాను. దిగలేదు.”

“ఏ తూటాతో చూశావమ్మా?”

“ఎప్పుడూ చూసేదాంతోనే. పొడుగుదాంతో.”

ఆయన జేబులోంచి మూడు పొట్టి తూటాలు తీసి బల్ల మీద నిలబెట్టారు. “వీటితో చూడు.”

పరీక్షకి మా దగ్గర ఎప్పుడూ ఒక ఉత్తి గొట్టం ఉంటుంది. అందులో ఆ అడ్డు పెట్టి, ఒక తూటా తోశాను. రెండోది తోశాను. మూడోది ఏమాత్రం మొరాయించకుండా నా బొటనవేలి కింద నుంచి లోపలికి జారిపోయింది.

“పొడుగువి రెండు పట్టేచోట పొట్టివి మూడు పడుతున్నాయి,” అన్నారు గ్వెరీనో గారు. “అక్కడెవడో పొట్టివి పెట్టి చూసి మనల్ని దొంగలన్నాడు. మనం దొంగలం కాదు. అలాగని వాడూ అబద్ధమాడలేదు. ఇవాళ్టి నుంచి దొరికేవాటిల్లో అన్నిటికంటే పొట్టిదాంతోనే పరీక్ష. తెలిసిందా?”

తెలిసింది. ఆయన అనుకున్నదానికంటే చాలా ఎక్కువే తెలిసింది. స్టూలు మీద కూర్చుండిపోయాను. పాపం ఆయన, తిట్టినందుకు బాధపడ్డాననుకుని కాఫీ తెప్పించారు. నాకు ఆ పెట్టె గొడవే పట్టలేదు. నా కళ్లముందు మా మేనమామ సాంతీనో నిలబడ్డాడు.

పంతొమ్మిదేళ్ల కిందట, అక్టోబరులో, మా నాన్న, పేరు బోర్తొలో, మామయ్యని వేటలో పట్టుకున్నాడు. నాన్న అప్పట్లో ఫ్యాక్టరీలో గుండు దూసుకెళ్లే గొట్టాలు సరిచేసేవాడు. తుపాకీ గొట్టాన్ని కిటికీ వెలుతురుకి ఎదురుగా పట్టి, ఒక కన్ను మూసి, లోపలి నీడల్లో వెంట్రుకవాసి వంకరున్నా కనిపెట్టి, సుత్తితో ఒక్క దెబ్బలో తిన్నగా చేసే పని. లోయ మొత్తం మీద అలాంటి కన్ను ఉన్నవాళ్లు నలుగురో అయిదుగురో. ఆదివారాలు మాత్రం ఆయన వేట గార్డు. జీతం లేదు, భుజానికి ఒక పట్టీ, జేబులో రిపోర్టు పుస్తకం, అంతే. అయినా ఆ పట్టీ కట్టుకున్నాక అన్నదమ్ములు లేరు, దోస్తులు లేరు. ఆ రోజు కొండమీద తన బావమరిది తుపాకీ తీసుకుని చూశాడు. మ్యాగజీన్‌లో రెండు పట్టాల్సినచోట మూడు పట్టాయి. అక్కడికక్కడే రిపోర్టు రాశాడు.

ఆ కథ మా వంటింట్లో నేను వందసార్లు విన్నాను. రెండు గ్లాసులు పడితే చాలు, నాన్న మొదలుపెట్టేవాడు.

“‘బావా, నా తూటాలతో పెట్టి చూడు’ అన్నాడు. దొంగ తక్కెడతో దొంగ సరుకు తూస్తామా? నా జేబులోంచి మూడు తీశా. ఒకటి. రెండు. మూడోది అత్తారింట్లోకి అల్లుడు నడిచెళ్లినట్టు తిన్నగా వెళ్లింది!”

అందరూ నవ్వేవాళ్లు. అమ్మ నవ్వేది కాదు, మామయ్య ఆమెకి ఒక్కగానొక్క తమ్ముడు. తుపాకీ పోయింది, లైసెన్సు పోయింది. లైసెన్సు లేనివాణ్ణి ఫ్యాక్టరీవాళ్లు తుపాకులు పేల్చి చూసే గదిలో ఉంచరు కాబట్టి, అప్పటిదాకా అక్కడే పనిచేసిన మామయ్యని పెట్టెలు కట్టే షెడ్డులోకి మార్చారు. రిటైరయ్యేదాకా ఆ షెడ్డులోనే ఉన్నాడు. వకీలు దగ్గరికి వెళ్లకుండా జరిమానా కట్టేశాడు. కట్టాడంటే ఒప్పుకున్నట్టేనని ఊరు తీర్పు చెప్పేసింది. అప్పట్నుంచి ఆ ఇంటివాళ్లు మా గడప తొక్కలేదు. ఆరేళ్ల కిందట అమ్మ పోయినప్పుడు మామయ్య చర్చిలో చిట్టచివరి బల్ల మీద కూర్చుని, పాట అవకముందే లేచి వెళ్లిపోయాడు.

ఇప్పుడు అసలు సంగతి చెబుతాను. నాన్న జేబులో ఆ రోజున్న తూటాలు కొన్నవి కావు. మా నాన్న ఎప్పుడూ తూటా కొని ఎరగడు. కాల్చిపారేసిన డొప్పలు ఏరుకొచ్చి, మాడిపోయిన మూతి కాస్త కోసేసి, మందూ సీసపు రవ్వలూ నింపి, మళ్లీ మూతి మడిచేవాడు. మరుసటేడు అవే డొప్పల మూతి ఇంకాస్త కోసేవాడు. నాలుగేళ్లు తిరిగేసరికి అవి నా చిటికెనవేలంత అయ్యేవి. ఇంత గట్టిగా ఎలా చెబుతున్నానంటే, కోసింది నేనే. నాన్నకి కన్ను ఉంది గానీ ఓపిక లేదు. పాతికేళ్ల వయసులో చలికాలం సాయంత్రాలు నేలమాళిగలో కూర్చుని ఆ డొప్పలు కోసిపెట్టేదాన్ని.

నాన్నా మామయ్యా ఒకేరోజు ఒకేరకం తుపాకులు కొన్నారు, పొడుగు తూటాలు కూడా పట్టేవి. రెండిట్లోకీ అడ్డుగా పెట్టడానికి ఒకే వాల్‌నట్ చెక్కలోంచి రెండు కట్టెలు తీశారు. పొడుగు తూటాలు రెండు పట్టేంత చోటు వదిలి నాన్న కొలిచాడు, మామయ్య కోశాడు. కొలత సరైనదే. మామయ్య వాడేది కొన్న తూటాలు. ఆయన జేబులోవి పెడితే రెండు దాటి దిగేవి కావు.

ఇదంతా ఇప్పుడెందుకు తవ్వుకోవాలంటారా? ఆదివారం మధ్యాహ్నం వేటగాళ్ల సంఘం భోజనాలు. అక్కడ నాన్నకి ఒక రాగి ఫలకం ఇస్తున్నారు. దానిమీద ఏం చెక్కించారో సంఘం ప్రెసిడెంటు నాకు ముందే మురిసిపోతూ చెప్పాడు: బంధుత్వం చూడని గార్డు బోర్తొలోకి. అంటే మామయ్య దొంగ అన్నమాట రాగి మీదికెక్కిపోతోంది. కాదని చెప్పగలిగిన మనిషి ఒక్కడే. నేను చెబితే మేనమామ మీద ప్రేమంటారు. పట్టించిన నోరే విడిపించాలి. దానికి నా చేతిలో ఉన్నవి నాలుగు రోజులు.

ఆ బుధవారం రాత్రి భోజనాల దగ్గర చెప్పేద్దామనుకున్నాను. నాన్న కింద ఉంటాడు, నేను మేడమీద. భోజనం మాత్రం ఆయన వంటింట్లోనే. నోరు తెరిచేలోపు ఆయన భోజనాలనాడు చదవాల్సిన నాలుగు ముక్కలు నాకు చదివి వినిపించడం మొదలుపెట్టాడు. డెబ్బై నాలుగేళ్ల మనిషి, కళ్లజోడు ముక్కు చివరికి జారిపోతుంటే బడిపిల్లాడిలా తడుముకుంటూ చదివాడు. చెప్పకుండానే పళ్లేలు కడిగేశాను. పైకెళ్లి మంచం మీద ఒక పక్కకి తిరిగితే మామయ్య, ఇంకో పక్కకి తిరిగితే నాన్న.

గురువారం పొద్దున కాఫీ దగ్గర అడిగేశాను.

“నాన్నా, ఆ రోజు మామయ్య తుపాకీలో పెట్టిన తూటాలు ఎలాంటివి?”

“ఎలాంటివేంటే? తూటాల్లాంటివి.”

“కొన్నవా, మనం నింపుకున్నవా?”

“నేనెప్పుడు కొన్నానే? కొనుక్కుని కాల్చే దొరబాబు మీ మామయ్య.”

“అదే నాన్నా. మనవి పొట్టివి. పొట్టివి పెడితే మూడోది దిగుతుంది. మామయ్యవి పెట్టుంటే దిగేది కాదు. నిన్న మా షాపులో ఇదే జరిగింది...”

ఆయన కాఫీ గిన్నె కింద పెట్టాడు. మెల్లగానే పెట్టాడు. మా నాన్నకి కోపం వచ్చినప్పుడు చేతులు ఇంకా నెమ్మదిస్తాయి.

“అంటే ఏంటి నువ్వనేది? నేను కొలవడం రానోణ్ణంటావా?”

“కొలత తప్పనట్లేదు. కొలిచిన తూటా...”

“ప్లాస్టిక్కు బిళ్లలకి సంతకాలు పెట్టుకునేదానివి, నాకు తూటాలు నేర్పుతున్నావా? తూటా అంటే తూటాయే. పొడుగా పొట్టా అని చట్టంలో ఎక్కడా రాయలేదు. రెండన్నారు, అంతే.”

“అయితే నువ్వు నీ తుపాకీలో పెట్టి చూడు ఒక్కసారి.”

“నా తుపాకీ సంగతి నాకు తెలుసు. తప్పు చేయనోడు జరిమానా ఎందుకు కట్టాడే? చెప్పు! కట్టాడా లేదా?”

అదే నన్నూ పీకుతోంది. చేయని తప్పుకి ఒక మనిషి నోరెత్తకుండా పంతొమ్మిదేళ్లు ఎలా ఉంటాడు? షాపుకి వెళ్లాను గానీ చేతులు నా మాట వినలేదు. కెనడా ట్రేలో న్యూజెర్సీవి పెట్టాను. లెక్క తప్పి మళ్లీ మొదటికొచ్చాను. మధ్యాహ్నం రెండుసార్లు, మా లోయలో పారే మెల్లా అనే ఏటి గట్టుదాకా నడిచి వెనక్కొచ్చాను. కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే గ్వెరీనో గారు చూసి, “బొటనవేలు ఇక్కడుంది, బుర్ర ఎక్కడ పారేసుకున్నావమ్మా?” అన్నారు. మా మామయ్య ఇంట్లో అని చెప్పాలనిపించింది.

ఆ సాయంత్రం నాన్న పేకాటకి వెళ్లినప్పుడు నేలమాళిగలోకి దిగాను. తుపాకీ బీరువా తాళం ఆయన మెళ్లోనే ఉంటుంది, లైసెన్సు లేని నేను దాన్ని ముట్టుకోకూడదు, ముట్టుకోను కూడా. నాకు కావలసింది డొప్పలు. మూడు పాత డొప్పలు తీసి, ఆ రోజుల్లో కోసిన కొలతకే కోశాను. వేళ్లకి ఆ కొలత ఇంకా గుర్తుంది, అందుకు నా మీద నాకే అసహ్యమేసింది. మందు బదులు ఇసుక పోసి మూతి మడిచాను. ఇవి పేలవు, ఎవరికీ హాని లేదు. మర్నాడు పొద్దున వాటిని ఆయన కాఫీ గిన్నె పక్కన నిలబెట్టి, మాట్లాడకుండా షాపుకి వెళ్లిపోయాను.

శుక్రవారం మాకు మధ్యాహ్నం దాకానే పని. ఇంటికొచ్చేసరికి బల్ల మీద గిన్నె ఉంది, తూటాలు లేవు. చెత్తబుట్టలో చూశాను. అక్కడా లేవు. మేడమీదికి వెళ్లి ఉతికిన బట్టలే మళ్లీ మడతపెడుతూ కూర్చున్నాను. పావుగంట తర్వాత కింద నేలమాళిగ తలుపు కిర్రుమంది. బీరువా తాళం తిరిగింది.

నేను మెట్ల దగ్గరికొచ్చి చెవులు రిక్కించాను. గొట్టంలోకి తూటా తోస్తే, అది లోపలికి వెళ్లి ఆగిన చోట ఒక టిక్కు వినిపిస్తుంది. పద్దెనిమిదేళ్లుగా నేను వింటున్నది ఆ చప్పుడే, గోడ అడ్డమున్నా పట్టుకుంటాను. టిక్కు. కాసేపు ఏమీ లేదు. టిక్కు. ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు. మెట్లమీద సగం దాకా దిగి, గోడ పట్టుకుని నిలబడ్డాను. మూడోది దిగకూడదని కోరుకున్నానో దిగాలని కోరుకున్నానో ఇప్పటికీ చెప్పలేను. దిగకపోతే నాన్న మంచివాడు, మామయ్య దొంగ. దిగితే మామయ్య ఏ తప్పూ చేయలేదు, ఆయన బతుకు పాడుచేసింది నాన్నే; ఇద్దరూ నాకు కావలసినవాళ్లే.

టిక్కు.

తూటాలు బయటికి తీసిన చప్పుడు. మళ్లీ మొదలు. ఒకటి, రెండు, మూడు. మళ్లీ తీశాడు. నేను లెక్కపెట్టాను, ఏడుసార్లు పెట్టి తీశాడు. ఏడుసార్లూ మూడేసి టిక్కులు వినిపించాయి.

ఆయన వంటింట్లోకి వచ్చేసరికి నేను అక్కడే ఉన్నాను. చేతులు కడుక్కున్నాడు. సబ్బు పెట్టి రెండుసార్లు కడుక్కున్నాడు. నావైపు చూడకుండానే అన్నాడు.

“నాదీ అంతేనే.”

“నీకు ఎప్పుడూ తెలీలేదా నాన్నా? ఇన్నేళ్లు దాంతోనే వేటాడావు కదా?”

“రెండు పెట్టి ఆపేసేవాణ్ణి. చట్టం రెండంది. మూడోది పెట్టి చూడాలని ఏనాడూ అనిపించలేదు.” తువ్వాలు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. “గొట్టంలో వెంట్రుకంత వంకరుంటే చూసేవాణ్ణి ఫౌస్తీ. చేతిలో ఉన్న తూటా ఎంతుందో చూళ్లేదు.”

దీపం కిందే చీకటి అంటారు, నిజమే. ఆయన్ని చూస్తే జాలేసింది. ఆ జాలి ఒక్క నిమిషం కూడా నిలవలేదు, ఎందుకంటే ఆయన తర్వాత అన్నమాట ఇది:

“ఆదివారం కానీ. ఆ గొడవ అయిపోయాక, సోమవారమో మంగళవారమో వెళ్లి చెబుదాం.”

“ఫలకం తీసుకున్నాకా?”

“అందరికీ చెప్పేశారు కదే. వంటవాళ్లని కూడా మాట్లాడేశారు...”

“సిగ్గుండాలి నాన్నా!” నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. “కంచే చేను మేసింది, పైగా కంచెకి సన్మానం! నువ్వు ఆ రాగిముక్క తెచ్చి ఈ గోడకి తగిలిస్తే నేను మళ్లీ ఈ వంటింట్లో అడుగుపెట్టను. ఆ డొప్పలు కోసింది నేను. నా పాపం నేను మోస్తాను, నీది నువ్వు మొయ్యి.”

“నువ్వెందుకు మోస్తావు? కొయ్యమంది నేను.”

“అయితే ఆ మాటే వెళ్లి చెప్పు!”

తలుపు ఎంత గట్టిగా వేశానంటే పై అరలోంచి ఒక పళ్లెం పడి పగిలింది. పెంకులు ఆయనే ఊడ్చుకున్నాడు, చప్పుడు విన్నాను.

శనివారం ఎనిమిదింటికి కిందికి వచ్చేసరికి నాన్న గడ్డం గీసుకుని, కోటు వేసుకుని, మేజోళ్లతో వంటింట్లో తిరుగుతున్నాడు. బూట్లు కనబడటం లేదట. ఆయన బూట్లు నలభై ఏళ్లుగా గుమ్మం పక్కనే ఉంటాయి, ఇప్పుడూ అక్కడే ఉన్నాయి. తీసి ఇచ్చాను. కారు నేనే నడిపాను. ఏటి వెంబడి నాలుగు మైళ్లు కూడా లేని దారి అది. పంతొమ్మిదేళ్లుగా ఆయన ఆ దారిలో మామయ్య ఇల్లు కనిపించే వంపు దాకా వచ్చి, కొండమీది అడ్డదారి పట్టేవాడు. ఆ వంపు దగ్గర ఆయన చెయ్యి స్టీరింగ్ మీదికి వచ్చింది. నేను తిప్పలేదు.

తలుపు తీసే ఉంది. మామయ్య బల్ల దగ్గర కూర్చుని చిన్నకత్తితో పుట్టగొడుగుల మట్టి గీస్తున్నాడు. బాగా ముసలివాడైపోయాడు. ఎర్మీనియా అత్తయ్య పొయ్యి మీద రాగి బానలో పొలెంటా తిప్పుతోంది. మొక్కజొన్న పిండితో చేసే ఆ జావ గట్టిపడేదాకా ముప్పావుగంట తిప్పుతూనే ఉండాలి, చెయ్యి ఆపితే అడుగంటిపోతుంది. మమ్మల్ని చూసినా ఆమె చెయ్యి ఆపలేదు.

“ఎవరు చచ్చిపోయారు?” అంది.

“ఎవరూ లేదత్తయ్యా. నాన్న ఒక మాట చెప్పడానికొచ్చాడు.”

నాన్న టోపీ తీసి, గొంతు సవరించుకున్నాడు. “నేను, బోర్తొలో, అక్టోబరు పదకొండో తారీఖున, ఉదయం ఎనిమిదిన్నర ప్రాంతంలో...”

“బావా,” అన్నాడు మామయ్య కత్తి దించకుండా, “రిపోర్టు ఒకసారి రాశావు. మళ్లీ చదవక్కర్లా. కూర్చుని చెప్పు.”

నాన్న కూర్చోలేదు. జేబులోంచి రెండు తూటాలు తీసి పుట్టగొడుగుల పక్కన నిలబెట్టాడు. ఒకటి కొన్నది, దారిలో ఆపించి కొనుక్కున్నాడు, జన్మలో మొదటిసారి. రెండోది నేను ఇసుక పోసింది. రెండింటి మధ్యా బొటనవేలి గోరంత తేడా.

“ఇది నీ జేబులోది. ఇది నా జేబులోది,” అన్నాడు. “నేను నాదాంతో చూశాను. నీదాంతో చూడమన్నావు, చూళ్లేదు. నిన్న నా తుపాకీలో పెట్టి చూశా. నాదాంట్లోనూ మూడు దిగాయి. ఏడుసార్లు చూశా సాంతీనో.”

మామయ్య రెండు తూటాలనూ దగ్గరికి జరిపాడు. పొట్టిదాని నెత్తిమీద వేలు పెట్టి, అలాగే పొడుగుదాని పక్కకి జరిపి, ఆ వేలు ఎక్కడ తగిలిందో చూశాడు. చాలాసేపు చూశాడు. నాకు ఆయన అరుస్తాడనిపించింది. అరిస్తే బాగుండుననిపించింది.

“అయితే కట్టె సరిగ్గానే ఉందా?” అన్నాడు చివరికి.

“ఉంది.”

“ఆ ఏడు వానలకి కట్టె ఉబ్బిపోయి గొట్టంలో ఇరుక్కుంది బావా. తీసి, గరుకు కాగితంతో అరగదీశాను. ఆ అరగదీయడంలో కొస కూడా తీసేశానేమో అని... తుపాకీ మీ గార్డులు పట్టుకుపోయారు. మళ్లీ చూసుకుందామంటే నా దగ్గర లేదు.”

“లావు తీశావు, పొడుగు తియ్యలేదు. రెండు కట్టెలూ ఒకటే కొలత. నేనే కొలిచాను కదా.”

“నాకు గుర్తురాలేదు. ఎంత తలబద్దలు కొట్టుకున్నా గుర్తురాలేదు. మూడోది నా కళ్లముందే దిగింది. నువ్వేమో వెంట్రుకవాసి చూసే మనిషివి. నువ్వు తప్పు చూస్తావా? నేనే ఏదో చేసుంటాననుకున్నా.”

గరిటె చప్పుడు ఆగిపోయింది. నేను తలతిప్పి చూశాను. అత్తయ్య గరిటె పట్టుకునే ఉంది, తిప్పడం లేదు.

“అన్నయ్యా, సరిగ్గా చెప్పు,” అంది. “ఈయన ఆ కట్టె కొలతకంటే పొట్టిగా కొయ్యలేదా?”

“లేదమ్మా.”

“మూడు పెట్టుకుని వేటాడలేదా?”

“లేదు. తప్పు నాది.”

ఆమె మొగుడి వైపు తిరిగింది. “మరి ‘నేనే పొట్టిగా కోశాను’ అని నా దగ్గర ఎందుకు ఒప్పుకున్నావు?”

మామయ్య పుట్టగొడుగు తిప్పి తిప్పి చూస్తూ కూర్చున్నాడు.

“నిన్నేనయ్యా!”

“ఏడాదంతా రోజూ అడిగేదానివి,” అన్నాడు. “పొద్దునా అడిగేదానివి, రాత్రీ అడిగేదానివి. ఒప్పుకున్నాక అడగడం మానేశావు.”

అడుగంటిన వాసన వస్తోంది. నేను వెళ్లి బానని పొయ్యి మీంచి దించబోతే అత్తయ్య నా చెయ్యి పక్కకి తోసేసింది.

“పద్దెనిమిదేళ్లు,” అంది. “పద్దెనిమిదేళ్లుగా క్షమించాను నిన్ను. ఎంత గొప్పదాన్నో అనుకున్నాను నేను. మా చెల్లెలితో చెప్పుకున్నాను, ఫాదర్ గారితో చెప్పుకున్నాను. లైసెన్సుకి మళ్లీ పెట్టుకుంటానంటే, ఏ మొహంతో పెట్టుకుంటావు, కూర్చో అన్నాను. కూర్చున్నావు!” ఎప్రాన్‌తో మొహం తుడుచుకుంది. మళ్లీ తెరిచేసరికి ఆ మొహం నాన్న వైపు ఉంది. “రేపు నీకేదో ఫలకం ఇస్తున్నారట కదా అన్నయ్యా.”

“తీసుకోనమ్మా.”

“తీసుకో. అందరూ చప్పట్లు కొడుతుంటే తీసుకుని, అది చేతిలో పట్టుకుని అప్పుడు చెప్పు. నీ తుపాకీ సంగతీ చెప్పు. నేను ముందు వరసలో కూర్చుంటాను. ఒక్క ముక్క మింగావంటే లేచి నేను చెబుతాను.”

“చెబుతాను,” అన్నాడు నాన్న. టోపీ అంచు ఆయన వేళ్ల మధ్య తిరుగుతూనే ఉంది. ఇంకేదో మిగిలిపోయినట్టు అక్కడే నిలబడ్డాడు. ఎప్పుడూ తలొంచని మా నాన్న బావమరిది ముందు తలొంచుకుని నిలబడితే నాకు సంతోషం కలుగుతుందనుకున్నాను, కలగలేదు.

“సాంతీనో, తిట్టరా. నువ్వేమీ అనవా?”

మామయ్య కత్తి బల్ల మీద పెట్టాడు. చేతులకున్న మట్టి ఒకదాంతో ఒకటి రుద్దుకున్నాడు.

“ఏమనను బావా? ఇన్నేళ్లూ నేనే చేశాననుకుని బతికాను. చెయ్యలేదంటున్నావు. నమ్మడానికి కొంచెం టైమియ్యి.”